దొంగ ఎత్తుకుపోలేనిదాన్ని దాత ఇవ్వగలడా?

ఢిల్లీ మెట్రో యెల్లో లైన్‌లో గురు తేగ్ బహదూర్ నగర్ స్టేషన్ దగ్గర దిగి, ఈ-రిక్షా అతనితో "బత్రా" అంటే చాలు, ముఖర్జీ నగర్ నడిబొడ్డున దింపుతాడు. సినిమా హాలు పేరది. పేటలో అడ్రసులన్నీ దాని ఆనవాలు మీదే చెబుతారు. తలెత్తి చూస్తే ఆకాశం కంటే ముందు కోచింగ్ సెంటర్ల బోర్డులు కనబడతాయి. కింద ఫొటోస్టాట్ దుకాణాల్లో టాపర్ల నోట్సు స్పైరల్ బైండింగు చేసి పేర్చి ఉంటాయి. "లైబ్రరీ" అని రాసి ఉన్నచోట మెట్లెక్కితే పుస్తకాల బీరువాలు ఉండవు. నెలకింతని కట్టి కూర్చుని చదువుకునే బల్లలు వరసగా ఉంటాయి, అంతే. సివిల్స్‌కీ, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకీ చదివేవాళ్ళతో నిండిపోయిన ఈ పేటలో ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌ల నుంచి వచ్చిన హిందీ మీడియం పిల్లలు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నార్త్ క్యాంపస్ కూడా కాస్త దూరంలోనే. అక్కడ ఇంగ్లీషు ఆనర్స్ చదివేవాళ్ళు, దూరవిద్యలో డిగ్రీ కట్టినవాళ్ళు ఇక్కడా, పక్కనున్న ఇందిరా విహార్‌లో, హడ్సన్ లేన్‌లో అద్దె గదుల్లో ఉంటారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

రాత్రి భోజనాలయ్యాక ఇలాంటి గదుల తలుపు ఎవరో ఒకరు తడతారు. "అన్నా, ఈ ప్రెసీ కొంచెం రాసిపెట్టవా? రేపు సార్‌కి చూపించాలి." పక్క గదిలో ఇదే మాట "భయ్యా" అంటూ హిందీలో వినబడుతుంది. అడిగినవాడు అలిసిపోయి ఉన్నాడు. అడిగించుకున్నవాడికి ఇంగ్లీషు వచ్చు, ఇచ్చిన భాగాన్ని కుదించి రాయడం పావుగంట పని. రాసిచ్చేస్తే అది సాయమా, అపకారమా? అద్దె గదిలో ప్రశ్న కాబట్టి చిన్నదిగా కనబడుతుంది. కానీ ఉపనిషత్తుల కాలం నుంచి చదువు గురించి ఆలోచించినవాళ్ళందరినీ నిలబెట్టిన ప్రశ్న దీని వెనకాలే ఉంది. చదువనేది ఒకరు ఇంకొకరి చేతిలో పెట్టగలిగే వస్తువేనా?

భర్తృహరి నీతిశతకాన్ని తెలుగు పిల్లలు ఏనుగు లక్ష్మణకవి పద్యాల్లో కంఠస్థం చేస్తూ పెరిగారు. విద్య దొంగల కంటపడని ధనమనీ, అడిగినవాళ్ళకి ఇచ్చేకొద్దీ పెరిగే ధనమనీ అక్కడ నేర్చుకున్నారు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిక్కు బయటపడుతుంది. విద్యను దొంగ ఎందుకు ఎత్తుకుపోలేడు? అది ఇనప్పెట్టెలో ఉండదు కాబట్టి. అది మనిషి చూపులో, మాటలో, చేతి అలవాటులో కలిసిపోయి ఉంటుంది. అంతగా కలిసిపోయినదాన్ని దొంగ విడదీసి పట్టుకుపోలేకపోతే, దాత మాత్రం ఎలా విడదీసి ఇస్తాడు? గోదానం చేస్తే ఆ ఆవే అవతలివాళ్ళ పెరట్లో కట్టేసి ఉంటుంది. భూదానం చేస్తే ఆ చెక్కే చేతులు మారుతుంది. రాసిచ్చిన ప్రెసీ మాత్రం తీసుకున్నవాడి కాగితం మీద ఉంటుంది, తీసుకున్నవాడిలో ఉండదు. విద్యాదానం అనే మాటను మనం ఎంతో గౌరవంగా వాడతాం. ఆ దానంలో నిజంగా చేతులు మారేది ఏమిటో తరచి చూసేది తక్కువ.

దీనికి తైత్తిరీయోపనిషత్తులో భృగువల్లి చూపించినంత చక్కటి దారి ఇంకెక్కడా కనబడదు. భృగువు తన తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్ళి బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని అడుగుతాడు. తండ్రికి తెలుసు. అయినా జవాబు చెప్పడు, ఒక గుర్తు చెబుతాడు. ఈ ప్రాణులన్నీ దేనిలోంచి పుడుతున్నాయో, దేనివల్ల బతుకుతున్నాయో, చివరికి దేనిలో కలుస్తున్నాయో దాన్ని తెలుసుకో అంటాడు. కొడుకు తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని తేల్చుకుని తిరిగొస్తాడు. తండ్రి తప్పనడు, ఒప్పనడు. మళ్ళీ తపస్సు చెయ్యమంటాడు. ఈసారి ప్రాణమని వస్తాడు, తర్వాత మనస్సని, ఆ తర్వాత విజ్ఞానమని. ప్రతిసారీ అదే మాట విని వెనక్కి వెళతాడు. చివరికి ఆనందమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. ఆ తర్వాత అతను తండ్రి దగ్గరికి మళ్ళీ వచ్చినట్టు ఉపనిషత్తు చెప్పదు. అడగాల్సిన అవసరమే తీరిపోయింది.

వరుణుడు ఏమీ ఇవ్వలేదని అనుకోకూడదు. కొడుకు తన జవాబును తానే సరిచూసుకునే కొలత ఇచ్చాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ విసుక్కోకుండా దొరికాడు. "ఇంకా ఉంది, వెళ్ళు" అనేంత నమ్మకం కొడుకు మీద ఉంచాడు. అన్నమన్న జవాబు కూడా వృథా పోలేదు. అన్నాన్ని నిందించకూడదని, అన్నాన్ని పెంచాలని ఆ వల్లిలోనే తర్వాత వస్తుంది. తప్పుగా తేల్చిన జవాబును కూడా మెట్టుగా లెక్కపెట్టిన గురువు వరుణుడు. హోంవర్కు చూసిపెట్టే ఏ అన్నకైనా, అక్కకైనా ఇంతకంటే మంచి నమూనా అక్కర్లేదు.

అలాగని ముఖర్జీ నగర్‌కి వచ్చి అందరితో "తపస్సు చెయ్" అంటే కుదరదు. అక్కడి ఇంగ్లీషు సంగతి వేరు.

సివిల్స్ మెయిన్స్‌లో ఇంగ్లీషు ఒక తప్పనిసరి పేపరు. 300 మార్కులు. ర్యాంకులో కలపరు, కానీ 25 శాతం రాకపోతే మిగతా పేపర్ల మార్కుల్ని లెక్కలోకి తీసుకోరు. ఇంతకుముందు గొడవ ఇంకా తీవ్రంగా ఉండేది. 2011లో ప్రిలిమ్స్‌లోకి సీశాట్ అనే ఆప్టిట్యూడ్ పేపరు వచ్చింది. అందులో ఇంగ్లీషు ప్యాసేజీల ప్రశ్నల వల్ల తాము ఏరివేతకు గురవుతున్నామని భారతీయ భాషల విద్యార్థులు మొత్తుకున్నారు. 2014 జులైలో ముఖర్జీ నగర్ వీధుల్లో ధర్నాలు, నిరాహార దీక్షలు జరిగాయి. ఆగస్టు 4న కేంద్రం దిగొచ్చి, ఆ ఇంగ్లీషు ప్రశ్నల మార్కుల్ని మెరిట్‌లో లెక్కించబోమని ప్రకటించింది. మరుసటి ఏడు ఆ పేపరు మొత్తాన్నీ 33 శాతంతో గట్టెక్కితే చాలనే అర్హత పేపరుగా మార్చారు. 2023లో వచ్చిన "12త్ ఫెయిల్" సినిమా ఈ పేట కథే. టూరిజం, టెర్రరిజం అనే రెండు మాటలు తారుమారై ఒక కుర్రాడి ఏడాది కష్టం మట్టిపాలయ్యే ఘట్టం చూసి హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకుని, తెలుగులో రాసి 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు కొట్టిన శ్రీకాకుళం జిల్లా ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ కూడా ఆ తప్పనిసరి ఇంగ్లీషు పేపరును దాటి వచ్చినవాడే.

ముఖర్జీ నగర్‌కి కొద్ది దూరంలోనే కొరోనేషన్ పార్కు ఉంది. 1911 డిసెంబరులో అయిదో జార్జి దర్బారు తీర్చి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించింది అక్కడే. ఇండియా గేటు దగ్గర్నుంచి తొలగించిన ఆయన విగ్రహం కూడా ఇప్పుడు అక్కడే నిలబడి ఉంది. ఆయన భాష మాత్రం ఇంకా ఉద్యోగాల గుమ్మం దగ్గర కాపలా కాస్తోంది. పల్లెటూరి బడిలో చదువుకున్న పిల్లాడికి ఇంగ్లీషు రాకపోవడం వాడి సోమరితనం కాదు. ఆ బడికి ఎవరు ఏం ఇచ్చారు, ఏం ఇవ్వలేదు అన్నదాని ఫలితం. అలాంటివాడు తలుపు తడితే "నువ్వే కష్టపడి తెలుసుకో" అనేవాడు వరుణుడు కాడు. తనకి పుట్టుకతో దొరికినదాన్ని తన తపస్సు అనుకుంటున్నవాడు.

కాబట్టి సాయం చేసేవాడు ముందు అడిగిందేమిటో చూడాలి. కొన్ని ప్రశ్నలు కేవలం అడ్డుగోడలు. వాటి విషయంలో పిసినారితనం పాపం. ఒక తెలుగు కుర్రాడు "హి టోల్డ్ టు మి" అని రాశాడనుకుందాం. "నాకు చెప్పాడు"లో ఉన్న "కు" అతని చేత ఆ "టు" రాయించింది. "గురించి" లేకుండా తెలుగులో దేన్నీ చర్చించం కనుక "డిస్కస్ అబౌట్" అనీ రాస్తాడు. ఇందులో తపస్సు చెయ్యాల్సిందేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళు అలా అనరు, ఇలా అంటారు అని అక్కడికక్కడే చెప్పాలి. ఎందుకు తప్పు జరిగిందో కూడా చెబితే, అలాంటివే మరో పది తప్పులు తనే పట్టుకుంటాడు. స్పెల్లింగు, ఆర్టికల్సు, ఉత్తరం రాసే పద్ధతి, ప్రశ్నపత్రంలో వాడే మాటల అర్థం, ఇవన్నీ అడిగిన వెంటనే ఇచ్చెయ్యాల్సినవి.

ప్రెసీ దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం మారుతుంది. పరీక్షలో ఇచ్చిన భాగాన్ని మూడోవంతుకు కుదించి సొంత మాటల్లో రాయమంటారు, శీర్షిక పెట్టొద్దంటారు. కొత్తవాళ్ళు చేసే పని ఒకటే. పెన్సిలుతో నాలుగు వాక్యాల కింద గీతలు గీసి, వాటిని "అండ్", "బట్"లతో కుట్టేస్తారు. పదాల లెక్క సరిపోతుంది, విషయం మాత్రం చేతికి రాదు. ఇక్కడ అన్న చెయ్యాల్సింది కాగితం లాక్కుని రాయడం కాదు. "పుస్తకం మూసెయ్. ఇందులో ఏం చెప్పాడో తెలుగులో చెప్పు" అనాలి. మొదట తడబడతాడు. రెండోసారి చదివి వచ్చి నాలుగు వాక్యాలు చెబుతాడు. ఆ నాలుగు తెలుగు వాక్యాలే ప్రెసీ, ఇక వాటిని ఇంగ్లీషులో పెట్టడమే మిగులుతుంది. దానికి ఎంత సాయమైనా చెయ్యొచ్చు. చూడకుండా చెప్పగలిగితే అర్థమైనట్టు, చెప్పలేకపోతే మళ్ళీ చదవాలన్నట్టు. ఈ కొలత ఒకసారి చేతికి వచ్చాక ఆ పిల్లాడు రేపు రాత్రి తలుపు తట్టడు.

సాహిత్యం దగ్గర ఇంకా గట్టిగా నిలబడాలి. సివిల్స్‌లో ఇంగ్లీషు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్నవాళ్ళకి చార్లెస్ డికెన్స్ 1854లో రాసిన "హార్డ్ టైమ్స్" పాఠ్యం. "సిస్సీ జూప్ పాత్రచిత్రణ రాయండి" అన్న ప్రశ్నకి ఫొటోస్టాట్ నోట్సులో రెండు పేజీల జవాబు తయారుగా దొరుకుతుంది. ఆ నవల అలాంటి జవాబుల మీద పోరాటంగానే మొదలవుతుందని ఆ నోట్సు మాత్రమే చదివినవాడికి ఎప్పటికీ తెలియదు. గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషి బడిలో పిల్లల్ని గుర్రానికి నిర్వచనం చెప్పమంటాడు. సిస్సీ సర్కస్‌లో గుర్రాల మధ్య పెరిగిన పిల్ల. గుర్రం ఒళ్ళు ఎలా వేడిగా ఉంటుందో, ఎప్పుడు బెదురుతుందో తెలిసిన పిల్ల. నోరు పెగలదు. బిట్జర్ అనే కుర్రాడు లేచి నాలుగు కాళ్ళ జంతువనీ, నలభై పళ్ళనీ గడగడా అప్పజెప్పి శభాష్ అనిపించుకుంటాడు. నవల చివర్లో బ్యాంకు దొంగతనం చేసిన గ్రాడ్‌గ్రైండ్ కొడుకుని ఆ బిట్జరే పట్టుకుంటాడు. అప్పుడు సర్కస్‌వాళ్ళు తమ గుర్రం కట్టిన బండిలో వాళ్ళని ఎక్కించుకుంటారు. దారిలో గుర్రం నాట్యం మొదలుపెట్టి అక్కణ్ణుంచి కదలదు. సర్కస్ కుక్క బిట్జర్‌ని దిగనివ్వదు. నిందితుడు వేరే బండిలో తప్పించుకుంటాడు. గుర్రానికి నిర్వచనం చెప్పినవాడు నిజమైన గుర్రం ముందు ఏం చెయ్యాలో తెలియక రాత్రంతా బండిలో కూర్చుండిపోతాడు.

ఈ భాగం చదివిన రైతుబిడ్డని "ఎద్దుకి నిర్వచనం చెప్పు" అని అడిగి చూడండి. నవ్వుతాడు. కాసేపటికి ఆ నవ్వు ఆగి, తమ ఎద్దు పేరు, దాని మొండితనం, దాన్ని సంతకి తోలుకెళ్ళిన రోజు చెప్పుకొస్తాడు. సిస్సీ ఎందుకు మాట్లాడలేకపోయిందో ఆ క్షణాన అతనికి నోట్సు కంటే బాగా తెలుస్తుంది. ఆ తెలివిడిని ఇంకెవరూ రాసివ్వలేరు. దాన్ని ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టేటప్పుడు మాత్రం పక్కన కూర్చోవచ్చు.

పక్కన కూర్చునే సాయానికీ ఒక హద్దుంది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఇద్దరు నాట్యాచార్యులు నేను గొప్పంటే నేను గొప్పని తగవు పడతారు. పండిత కౌశికి ఆ తగవు తీర్చే పద్ధతి గమనించదగ్గది. గురువుల్ని ఆడమనదు, శిష్యురాళ్ళని ఆడించి చూపించమంటుంది. మాళవిక రంగస్థలం మీదికి వచ్చాక గురువు గణదాసు చెయ్యగలిగింది చూస్తూ నిలబడటమే. పరీక్ష హాల్లోకి అన్న రాలేడు. చదువులో ఈ ఒంటరి ఘడియ ఎలాగూ తప్పదు, దానికి సిద్ధం చెయ్యని సాయం ఆ పిల్లాణ్ణి ఇంకా ఒంటరిని చేస్తుంది.

తెలుగువాళ్ళకి ఇంగ్లీషు ట్యూషను మాస్టారనగానే గిరీశం గుర్తొస్తాడు. విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు ఇంగ్లీషు చదువుల లోపలా బయటా ఎరిగినవాడు. 1892లో మొదట ప్రదర్శితమై 1897లో అచ్చయిన "కన్యాశుల్కం"లో పరీక్ష పోయిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతానని గిరీశం అగ్రహారం చేరతాడు. తల్లి వెంకమ్మ ముచ్చటపడి, ఇద్దర్నీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. గురుశిష్యులు బడిపాఠాల ముక్కలు, పిల్లల పద్యాలు ఒకరి మీదికొకరు విసురుకుంటారు. ఆ తల్లి సంబరపడిపోతుంది. నూరేళ్ళుగా ఆ రంగానికి నవ్వుతూనే ఉన్నాం. వెంకమ్మ వైపు నుంచి చూస్తే అది ఘోరమైన మోసం. కొడుకు చదువు కోసం ఆమె పెట్టిన ఖర్చుకి, పెట్టుకున్న ఆశకి బదులుగా చప్పుడు మాత్రం అందింది. అర్థం లేని చప్పుడుని చదువుగా అమ్మే చోటల్లా, ఆ చోటు ఎంత పెద్దదైనా, ఊళ్ళో ఒక తల్లి ఇలాగే మోసపోతోంది.

అయితే పరీక్షకి తర్ఫీదివ్వడమే తప్పని కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1930లలో మద్రాసులో తెలుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్యులేషన్‌కి చదివించింది. ఆ పాఠాల నుంచే ఆంధ్ర మహిళా సభ ఎదిగింది. ఆమె చొరవతోనే ఢిల్లీలో 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వచ్చింది. ఇదే ఢిల్లీలో 1961 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీ వేంకటేశ్వర కాలేజీ నడుపుతోంది. ఆపదమొక్కులవాడి పేరున నడిచే కాలేజీలో ఇంగ్లీషు ఆనర్స్ క్లాసులూ జరుగుతాయి. భక్తులిచ్చిన సొమ్ము గదులు కట్టగలదు, జీతాలివ్వగలదు, పుస్తకాలు కొనగలదు. విద్యాదానంలో నిజంగా దానం చెయ్యగలిగినవి ఇవీ, వీటితోపాటు మనిషి సమయమూ. ఇవి దొరికితే చదువు పుట్టడానికి చోటు ఏర్పడుతుంది. దుర్గాబాయి ఆ పిల్లలకి జవాబులు రాసిచ్చి ఉంటే మహిళా సభ మిగిలేది కాదు.

ఇప్పుడు జవాబుకి తలుపు తట్టాల్సిన పని కూడా లేదు. ఫోన్‌లో చాట్‌జీపీటీని అడిగితే ప్రెసీ, వ్యాసం, సిస్సీ జూప్ పాత్రచిత్రణ అన్నీ తప్పుల్లేని ఇంగ్లీషులో వచ్చిపడతాయి. దీన్ని చూసి భయపడేవాళ్ళు ఉన్నారు, పండగ చేసుకునేవాళ్ళు ఉన్నారు. భృగువల్లి చదివినవాళ్ళకి ఇందులో కొత్త ప్రశ్నేమీ కనబడదు. జవాబు ఎప్పుడూ చదువు కాదు. ఇన్నాళ్ళూ జవాబు దొరకడం కష్టం కాబట్టి రెండూ ఒకటేనని భ్రమపడ్డాం. ఆ యంత్రాన్నే "జవాబు చెప్పకు, నా వాక్యంలో తప్పెక్కడుందో చూపించు" అని అడిగే విద్యార్థికి అది ఎంతో మేలు చేస్తుంది. అలా అడగాలని మొదట నేర్పాల్సింది మాత్రం మనిషే.

ఒక సందర్భం మిగిలింది. ఇంటి దగ్గర అమ్మకి బాగాలేదని రైలెక్కబోతున్న పిల్లాడు, రేపు ఇవ్వాల్సిన అసైన్‌మెంటు పట్టుకుని నిలబడితే ఏం చెయ్యాలి? గడువు పెంచమని మాస్టారికి ఉత్తరం రాసివ్వాలి, స్టేషన్‌కి తోడు వెళ్ళాలి. ఏ దారీ లేకపోతే ఆ ఒక్కసారికి రాసివ్వడం కూడా మహాపరాధమేమీ కాదు. శాస్త్రం కంటే ముందు దయ. కానీ తిరిగొచ్చాక ఆదివారం పూట ఆ పాఠం అతనితో చదివించే బాధ్యత రాసిచ్చినవాడి మీదే ఉంటుంది. ఆ ఆదివారం ఇవ్వడానికి ఇష్టపడనివాడు రాసివ్వకపోవడమే నయం.

ఢిల్లీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళకి ఒక విన్నపం. ముఖర్జీ నగర్‌లోనో, మీ పక్క వీధిలోనో ఇంగ్లీషుకి భయపడుతున్న తమ్ముడో చెల్లెలో తప్పకుండా ఉంటారు. వారానికి ఒక సాయంత్రం వాళ్ళకి కేటాయించండి. వ్యాకరణం అడిగితే వెంటనే చెప్పండి. వ్యాసం రాసివ్వమంటే పక్కన కూర్చోబెట్టుకుని, విషయం ముందు తెలుగులో చెప్పించండి. తప్పు జవాబుతో తిరిగొస్తే విసుక్కోకుండా మళ్ళీ పంపండి. మళ్ళీ వచ్చినప్పుడు తలుపు తియ్యండి.